తొలి పడుగు పాట

పోయిన ఆదివారం పొద్దున నేను ఉగ్గాని, బజ్జీ తింటూ కూర్చుని ఉండగా మా మనవరాలు తన ఫోను తెచ్చి పళ్ళెం పక్కన పెట్టి, ఈ పాట విను తాతా, మాటలు అచ్చం మన పక్క మాటల్లాగే ఉన్నాయి, ఎవరో బెంగుళూరు పిల్లలు పాత సామాన్ల అంగట్లో దొరికిన మురికి రికార్డును కడిగి ఎక్కించారట, లేబులు చెరిగిపోయి పాడిందెవరో వాళ్ళకే తెలియదట అని చెప్పింది. మొదట పోపు వేగుతున్నట్టు చిటపటమని చప్పుడు, దాని వెనక గిటారు, ఆ తర్వాత డ్రమ్ము. రెండో చరణం మొదట్లో లావు తీగల గిటారు ఒకటి అందరికంటే ఒక దెబ్బ ముందుగా దూకి, నాలుక కరుచుకుని ఆగి, మళ్ళీ వరసలో కలిసింది. అది వినగానే మిరపకాయ బజ్జీ నా చేతిలోనే ఉండిపోయింది. గొంతును బట్టి కాదు, వరసను బట్టి కాదు, నలభై ఏళ్ళ కిందట నేను చేసిన తప్పును బట్టి ఆ పాట మాదేనని గుర్తుపట్టాను.

ఆ వాయించింది నేనే అంటే మా మనవరాలు నమ్మలేదు. ఆ పిల్లను అనడానికేమీ లేదు. ఆమెకు ఊహ తెలిసేనాటికే నేను బట్టతల, షుగరు మాత్రలు, పొద్దున నడక, సాయంత్రం పేపరు ఉన్న మనిషిని. ఆదోని పత్తి మండీలో గుమాస్తాగా ముప్పై ఏళ్ళు చేసి దిగిపోయినవాడు రాక్ సంగీతం వాయించాడంటే ఎవరు మాత్రం నమ్ముతారు? మన ఈడువాళ్ళకైనా ఇది కొంచెం విడమరచి చెప్పక తప్పదు, ఎందుకంటే ఆ రోజుల్లో మా పక్క పాటంటే సినిమా పాట, లేదంటే భజన, లేదంటే పెళ్ళి బ్యాండు. ఈ మూడూ కానిది ఇంకొకటి ఉంటుందని మాకు చెప్పింది రైలు.

అదెట్లాగో చెబుతాను. ఎమ్మిగనూరులో మా పెదనాన్నది మగ్గాల ఇల్లు. ముందు వసారాలో రెండు గుంట మగ్గాలు, వెనక వంటిల్లు, మధ్యలో నూలు, ఆ నూలు సందుల్లో మనుషులు. మా నాన్న ఆ ఇంటి చిన్న కొడుకు. పెళ్ళయిన ఏడాదికే నేత వదిలి ఆదోని వచ్చి ఒక బట్టల అంగట్లో చేరాడు కనుక నేను ఆదోనివాణ్ణయ్యాను. పెదనాన్నకు ఒక్కడే కొడుకు, నాకంటే మూడేళ్ళు పెద్ద, నాకు అన్న. ఆ అన్న పదో తరగతి తప్పి, మగ్గం మీద కూర్చోమంటారని భయపడి, గుంతకల్లు పారిపోయి రైల్వే క్యాంటీనులో పనికి కుదిరాడు. అక్కడి రైల్వే కాలనీలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఉండేవి. శనివారం సాయంత్రం వాళ్ళ హాలులో గిటార్లు, డ్రమ్ములు, జంటలుగా నాట్యాలు. టీ కప్పులు అందించడానికి పోయిన మా అన్న కప్పులు అందించడం మరచి అక్కడే నిలబడిపోయేవాడట. ఒక ముసలి గార్డు దొర అది చూసి, నవ్వి, గిటారు చేతికిచ్చి, మూడేళ్ళు నేర్పి, చివరికి తనకు వేళ్ళు వంగడం లేదని ఆ గిటారునే ఇచ్చేశాడు. వాయించినన్నాళ్ళు నీది, మానేసిన రోజు తెచ్చి నా గోడకు తగిలించెయ్ అని ఒకే ఒక షరతు పెట్టాడు. అన్న ఎమ్మిగనూరు బస్సు దిగినప్పుడు చేతిలో ఆ గిటారు తప్ప వేరే సామాను లేదు.

డ్రమ్ములు వాయించింది మా బావ, మేనత్త కొడుకు, పెదనాన్న ఇంటికి మూడిళ్ళ అవతల నేసేవాడు. మగ్గం నేసేవాళ్ళను ఎరిగినవారికి తెలుసు, గుంటలోకి కాళ్ళు దించి, కింద చెక్కలను ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతూ, ఒక చేత్తో తాడు లాగి అడ్డనూలు మోసే నాడెను పరిగెత్తించి, ఇంకో చేత్తో పలకను దగ్గరికి కొడుతూ, నాలుగు అవయవాలకు నాలుగు పనులు చెప్పడం పుట్టుకతో వచ్చినట్టు వస్తుంది. మా బావ చేసిందల్లా ఆ పనినే డ్రమ్ముల మీదికి మార్చడం. పెళ్ళి బ్యాండు వాళ్ళు పారేసిన పెద్ద డ్రమ్ముకు మగ్గం కింది తొక్కుడు చెక్క ఒకటి బిగించి కాలితో కొట్టేవాడు. చిక్కల్లా ఒకటే. కుర్చీలో కూర్చుని కాళ్ళు నేలకు ఆనిస్తే ఆయన తాళం తప్పేది. కాళ్ళు కిందికి వేలాడాల్సిందే. అందుకని మేము ఎక్కడికి పోయినా ముందు బావ కూర్చోవడానికి ఎత్తయిన బల్ల ఏదని వెతుక్కునేవాళ్ళం. ఒక పెళ్ళిలో ఆయన్ను అన్నాలు వడ్డించే మేజా మీద కూర్చోబెడితే పెళ్ళివారు కోప్పడ్డారు కూడా.

ఇక నేను. నాకు సంగీతం రాదు, ఇప్పటికీ రాదు. మా మండీ షావుకారు పత్తి గోడౌను వేసవిలో ఖాళీగా ఉండేది, దాని తాళంచెవి నా దగ్గర ఉండేది, అందుకని నన్ను చేర్చుకున్నారని నా గట్టి నమ్మకం. గోడౌనులో అడుగున మిగిలిన దూది తేలుతూ మా జుట్లలో, కనుబొమ్మల్లో చిక్కుకుని, సాధన అయిపోయేసరికి ముగ్గురం ముసలివాళ్ళమై బయటికొచ్చేవాళ్ళం. లావు తీగల గిటారు మీద నాలుగు చోట్ల వేలు పెట్టడం అన్న నాకు నేర్పాడు, ఆ నాలుగింటితోనే నా కళాజీవితం గడిచిపోయింది. మా బృందానికి ‘నాడె బ్రదర్స్’ అని పేరు పెట్టింది బావ. ఇంగ్లీషు పేరుంటేనే గౌరవమని అన్న, మన పనిముట్టు పేరు ఉండాలని బావ వాదులాడుకుని చెరి సగం పంచుకున్నారు.

వినాయక చవితి పందిళ్ళలో, హొళగుందలో ఒక కన్నడం వాళ్ళ పెళ్ళిలో, ఆదోనిలో ఒక కాలేజీ వార్షికోత్సవంలో మేము వాయించాం. అన్నిచోట్లా సినిమా పాటలే అడిగారు, అవే వాయించాం. అయితే అన్న తన సొంత పాట ఒకటి దాచుకున్నాడు. తెల్లవారుజామున వీధి పొడవునా పడుగు, అంటే మగ్గానికెక్కే నిలువు దారాలు, పరిచి, గంజి పట్టించి కుంచెతో దువ్వేటప్పుడు గాలి లేస్తే దారాలు అంటుకుపోయి ఆ పని పాడైపోతుంది. పాటలో ఒక నేతగాడు గాలిని కాసేపు ఆగమంటాడు. మొదట బతిమాలతాడు, తర్వాత బెదిరిస్తాడు, చివరికి తిట్టడం మొదలుపెడతాడు, అంతలో ఎండొచ్చేస్తుంది. అంతే పాట. దాని కింద బావ మగ్గం దెబ్బ. గోడౌనులో మొదటిసారి అన్న దాన్ని పూర్తిగా పాడినప్పుడు నా ఒళ్ళు గగుర్పొడిచింది. తర్వాతి జీవితంలో ఎంతోమంది గొప్ప గాయకులను రేడియోలో విన్నాను కానీ అలాంటిది మళ్ళీ జరగలేదు.

అన్న ఊరికే పాడుతూ తిరగడం పెదనాన్నకు నచ్చలేదు. ఆయన అరిచే మనిషి కాదు. ఒక రోజు భోజనాల దగ్గర, వచ్చే దసరా దాకా చూస్తాను, ఆ లోపల పాటతో నిలదొక్కుకుంటే సరే, లేకపోతే రెండో మగ్గం ఖాళీగా ఉంది అని మాత్రం చెప్పాడు. ఆ మాట అన్నకు గుండెలో మేకు దిగినట్టయింది. అదే సమయంలో బెంగుళూరులో ఒక హోటలు వాళ్ళు, రోజూ సాయంత్రం పాడడానికి బృందం కావాలని చూస్తున్నవాళ్ళు, గుంతకల్లు గార్డు దొర రాసిన ఉత్తరానికి జవాబు రాశారు. మీ సొంత రికార్డు ఏదైనా ఉందా, అది అంగళ్ళలో అమ్ముడవుతుంటే ఆ సంగతి చూసి మాట్లాడదాం అని. కనుక దసరా లోపల రికార్డు రావాలి, అంగట్లో కనిపించాలి, అప్పుడే అన్న మగ్గం గుంటలోకి దిగకుండా తప్పించుకోగలడు. మా ముగ్గురిలో అన్నకే అది చావుబతుకుల సంగతి. బావకు నేత ఉంది, నాకు మండీ ఉంది, అన్నకు పాట ఒక్కటే ఉండేది.

డబ్బు ఎలా సమకూరిందో అనవసరం కానీ మద్రాసు పోయాం. స్టూడియోలో గోడలకంతా దళసరి మెత్తలు ఉంటే మాకు పత్తి గోడౌనే గుర్తొచ్చి భయం పోయింది. బావ కోసం రెండు బల్లలు ఒకదాని మీద ఒకటి వేయమని అడిగితే అక్కడి ఇంజనీరు మమ్మల్ని వింతగా చూశాడు. తర్వాత ఆయనకు వేరే అనుమానం వచ్చింది. ఇది సినిమా పాటా, భక్తి పాటా, ఏ రకమని లేబులు మీద వేయాలి అని. అన్న రాక్ అన్నాడు. అది ఇంగ్లీషులో ఉండేది కదా అన్నాడాయన. చాలాసేపు చర్చ జరిగి చివరికి జానపదం అని వేశారు. ఆ మధ్యాహ్నం మాకు దక్కింది రెండు గంటలు. మూడోసారి వాయించినప్పుడు అన్న గొంతు, బావ తాళం అద్భుతంగా కుదిరాయి, నేను మాత్రం రెండో చరణంలో ముందుగా దూకాను. ఇంకోసారి చేద్దామని నేను బతిమాలితే, ఈ పాట మళ్ళీ ఇలా కుదరదు, నీ తప్పును ఎవరూ పట్టించుకోరులే అని అన్న నవ్వేశాడు. అవతలి వైపు పాట లేకుండా ఉత్త వాయిద్యం నింపాం. ఒక్కో వైపు ఒక్కోటి పట్టే చిన్న రికార్డు అది.

శ్రావణమాసంలో ఆదోని స్టేషనుకు పార్సిలు వచ్చింది. ఒక చెక్కపెట్టె నిండా రికార్డులు. అప్పటికే ఆదోనిలో రికార్డుల అంగడి పెట్టుకున్న పెద్దాయన, మేము చాచా అని పిలిచేవాళ్ళం, తన అంగడి ముందు అద్దాల బీరువాలో ఒక అర ఖాళీ చేసి పెట్టాడు. బళ్ళారికి, బెంగుళూరుకు తనే పంపిస్తానని కూడా ఒప్పుకున్నాడు. స్టేషను నుంచి ఆయన అంగడి పది నిమిషాల దారి. పెట్టెను జట్కాలో వేసుకుని నేరుగా అక్కడికి పోయి ఉంటే ఈ కథ వేరేగా ఉండేది. అన్న మాత్రం ముందు ఇంట్లో నాన్నకు చూపించి రేపు తెద్దామన్నాడు. ఆ మొండి మనిషికి తను ఒక వస్తువు తయారు చేశానని చూపించాలన్న కోరిక అది. ఎవరికైనా ఉంటుంది. మేము పెట్టెను ఎమ్మిగనూరు బస్సు మీదికి ఎక్కించాం.

పెదనాన్న మగ్గం దిగి వచ్చి, చేతులు కడుక్కుని, ఒక రికార్డు తీసి వేళ్ళతో దాని గీతలు తడిమి చూశాడు. బట్ట నాణ్యం చూసేటప్పుడు ఆయన అలాగే తడిమేవాడు. ఇందులో మొత్తం పాటంతా ఉందా అని అడిగాడు. ఉందన్నాం. ఇవన్నీ వేర్వేరు పాటలా అని అడిగాడు. కాదు, అన్నిట్లోనూ అదే అన్నాం. ఆయన కాసేపు ఆలోచించి, పెట్టెను దేవుడి గూటి ముందు పెట్టమన్నాడు. ఇక్కడ వాళ్ళింటి కట్టుబాటు ఒకటి చెప్పాలి. ఇంటి కొడుకు సొంతంగా మగ్గం ఎక్కినప్పుడు నేసిన తొలి పడుగును అమ్మరు. ఒక పడుగు మీద ఎన్ని చీరలు దిగుతాయో అవన్నీ కలిపి, ఒకటి చౌడేశ్వరమ్మకు, మిగతావి వీధిలో అయినవాళ్ళ ఇళ్ళకు. రెండో పడుగు నుంచి అంగడికి పోతుంది. పెదనాన్న అలాగే చేశాడు, ఆయన తండ్రి అలాగే చేశాడు. పారిపోయిన అన్న ఒక్కడే చేయలేదు.

బావ ధైర్యం చేసి, అమ్మవారికి ఒకటి ఇచ్చి మిగిలినవి అంగడికి ఇద్దాం మామా అన్నాడు. పెదనాన్న జవాబు నాకు నేటికీ అక్షరం అక్షరం గుర్తుంది.

"అన్నిట్లోనూ ఉండేది ఒకటే పాట అని మీరే సెప్తిరి గదప్పా. ఒక పడుగులో దిగిన బట్ట ఇది. మా వానికి ఇదే తొలి పడుగు. అమ్మరాదు."

అన్న ఏదైనా అంటాడేమోనని చూశాను. అన్న వంగి పెట్టె మూత మూసి, గూటి ముందుకు ఇంకొంచెం జరిపాడు. ఆ రోజుల్లో పెద్దవాళ్ళ మాటకు ఎదురాడడం అంత తేలిక కాదని మన తరం వాళ్ళకు వేరే చెప్పాలా? నాకైతే కోపం ముంచుకొచ్చింది. తన పంతం నెగ్గించుకోవడానికి, కొడుకును మగ్గం మీద కూర్చోబెట్టడానికి దేవుణ్ణి అడ్డం పెట్టుకుంటున్నాడనే అనుకున్నాను.

అమావాస్య నాడు మగ్గాలు ఆడవు కనుక అందరూ ఇళ్ళలో ఉంటారు. ఆ అమావాస్య పొద్దున పెట్టెను గుడికి మోసుకుపోయాం. పూజారి ఒక రికార్డును అమ్మవారి పాదాల దగ్గర పెట్టి, మిగతావాటికి వరసగా, ఒక్కటి కూడా వదలకుండా, తడి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాడు. తర్వాత మా మేనత్త, పెద్దమ్మ పళ్ళేల్లో పేర్చుకుని తాంబూలంతో పాటు ఇల్లిల్లూ పంచారు. మా ఇంటివాళ్ళకు కూడా ఒకటి వచ్చింది. వీధిలో చాలామంది కళ్ళకద్దుకుని పూజగూట్లో పెట్టుకున్నారు. నడుమ చిల్లు ఉండేసరికి కొందరు మేకుకు తగిలించారు. ఒక ముసలమ్మ దాన్ని ఏం చేయాలో తెలియక పెద్దమ్మను అడిగితే, ఏమీ చేయనక్కరలేదు, పిల్లలు చల్లగా ఉండాలని దీవిస్తే చాలని చెప్పిందట. పాట వినాలని ఎవరికీ తోచలేదు, తోచినా వినిపించే పెట్టె ఆ వీధి మొత్తానికి చేనేత సంఘం ప్రెసిడెంటు ఇంట్లో ఒక్కటే. ఆయన మంచి మనిషి, సాయంత్రం అరుగు మీద పెట్టి ముల్లు ఆనించాడు. గీతల్లో ఎండిన పసుపంతా ముల్లుకు చుట్టుకుని, అన్న గొంతు ఒకటి రెండు మాటలు పలికి బరబరమని ఆగిపోయింది. ముల్లు పాడైందని ఆయన రికార్డు తీసి పక్కన పెట్టేశాడు. నాడె బ్రదర్స్ మొదటి రికార్డును మా జిల్లా విన్నది అంతవరకే.

బెంగుళూరు హోటలు వాళ్ళు, మీ రికార్డు ఏ అంగట్లో దొరుకుతుందని ఇంకో ఉత్తరం రాశారు. అన్న జవాబు రాయలేదు. మరో పెట్టె అచ్చు వేయించే శక్తి మాకు లేదు, ఉన్నా అది కూడా అదే పడుగు అంటారన్నది మా అందరి భయం.

భాద్రపదంలో నేను పని మీద ఎమ్మిగనూరు పోయినప్పుడు పెదనాన్న నేస్తూ నేస్తూ ఆగి, నన్ను దగ్గరికి పిలిచి, రెండో పడుగు ఎప్పుడు ఎక్కిస్తారని అడిగాడు. ఆ అడగడంలో నాకు ఎత్తిపొడుపే వినిపించింది. ఆదోని తిరిగి వచ్చి సాధనకు వచ్చిన అన్నకు, బావకు టీ హోటల్లో ఆ మాట చెప్పాను. ఊరికే చెప్పలేదు. పెదనాన్న మెడ వంచడం, గొంతు సవరించుకోవడం, అన్నీ చేసి చూపించి, పెద్దాయన మన మీద జోకులు కూడా వేస్తున్నాడన్నాను. బావ పగలబడి నవ్వాడు, పక్క బల్లవాళ్ళు కూడా నవ్వారు. అన్న టీ గ్లాసు కింద పెట్టి బయటికి నడిచాడు. మరునాడు గుంతకల్లు పోయి గిటారును ఆ ముసలి గార్డు దొర గోడకు తగిలించి వచ్చాడని మాకు తర్వాత తెలిసింది. దసరాకు రెండో మగ్గం గుంటలోకి దిగాడు. ఆ మగ్గం మీద దిగిన తొలి చీరలు ఎవరికిచ్చారో నేను అడగలేదు, ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆ వీధికి పోవడమే తగ్గించాను.

వీధి మాత్రం ఊరుకోలేదు. కొడుకు గొంతు తండ్రి నొక్కేశాడని, బెంగుళూరులో రాజాలా ఉండాల్సినవాణ్ణి గుంటలో కూర్చోబెట్టాడని, పసుపు పూసి పాటకు పాడె కట్టాడని, పెదనాన్నను ఎదురుగా కాకపోయినా ఆయనకు వినపడేలా అన్నారు. నేనూ అన్నాను. పెదనాన్న వింటూ నేసుకునేవాడు. పోయేదాకా ఎప్పుడో ఒకసారి అన్నను రెండో పడుగు ఎప్పుడని అడుగుతూనే ఉన్నాడని మేనత్త చెప్పేది. చాదస్తం వదలలేదని మేము అనుకున్నాం.

ఆయన పోయిన రెండేళ్ళకు ఆదోనిలో చాచా రికార్డులు, క్యాసెట్లు తీసేసి అంగడిని కొడుకులకు చెప్పుల వ్యాపారానికి ఇచ్చేస్తున్నాడని తెలిసి చూడడానికి పోయాను. ఖాళీ బీరువాను తుడుస్తూ మాటల్లో మాటగా ఆయన చెప్పాడు.

"మీ పెద్దనాయన ఒకసారి ఈడికి వచ్చినాడు, తెలుసా? మీరు గుడిలో పంచిన మర్నాడే. 'మొదటిది అమ్మోరికి ఇచ్చేసినాము, మాకు అట్ల వాడిక. రెండోది వస్తాది, అది మీకే ఇస్తారు, మా వాని చోటు యెవరికీ ఇయ్యాకండి' అని చేతులు పట్టుకున్నాడు. రెండేండ్లు ఆ అర ఖాళీగానే పెట్టినాను."

పెదనాన్న ఎమ్మిగనూరు దాటి ఆదోనికి రావడమంటే మాటలు కాదు. ఆయనకు బస్సు పడదు, వాంతులు. అంత దూరం వచ్చి, పరిచయం లేని మనిషి చేతులు పట్టుకుని చోటు నిలపమని అడిగాడంటే, ఆ పెట్టెను దేవుడి ముందు పెట్టించింది పాటను ఆపడానికి కాదు. మద్రాసు ఇంజనీరుకు మా పాట ఏ రకమో తెలియలేదు, పెళ్ళివాళ్ళకు అది వద్దు, వీధికి అది ఒక బొట్టు పెట్టిన నల్లపళ్ళెం. దాన్ని మగ్గం పనితో సమానంగా, తన తండ్రి చేసిన పనితో సమానంగా ఎంచి, దానికి ఇవ్వాల్సిన మర్యాద ఇచ్చినవాడు పెదనాన్న ఒక్కడే. ఎప్పుడు ఎక్కిస్తారని నన్ను అడిగింది నిజంగా తెలుసుకోవడానికే. ఆ ప్రశ్నను నేను టీ హోటల్లో పదిమంది ముందు కోతి వేషం వేసి అప్పగించాను.

ఈ సంగతి అన్నకు చెప్పాలా వద్దా అని ఇరవై ఏళ్ళకు పైగా నాలో నేనే నలిగాను. చెబితే, నీ జీవితాన్ని పాడుచేసింది నీ నాన్న కాదు, నేనని ఒప్పుకోవాలి. పెళ్ళిళ్ళలో, చావుల్లో కలిసినప్పుడల్లా నోటిదాకా వచ్చేది, మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకుని విడిపోయేవాళ్ళం. మధ్యలో బావ కూడా పోయాడు. మొన్న ఫోనులో పాట విన్నాక ఇక ఉండబట్టలేదు, మరునాడే ఎమ్మిగనూరు బస్సు ఎక్కాను.

అన్న ఇంట్లో ఇప్పుడు మగ్గాలు లేవు. గుంటలు పూడ్చి బండలు పరిచి ఆ వసారాలో అన్న కొడుకు జెరాక్సు అంగడి పెట్టాడు. వెనక గదిలో మంచం మీద కూర్చుని అన్న వేరుశనక్కాయలు వలుస్తున్నాడు. ఆ పాటను వాళ్ళ కోడలు అప్పటికే వినిపించిందట. బావ బాగా కొట్టినాడు గదా అని మాత్రం అన్నాడు. నేను కూర్చుని, చాచా చెప్పింది, టీ హోటల్లో నేను చేసింది, అన్నీ చెప్పి, తప్పయిపోయిందన్నా అన్నాను.  అన్న కాయలు వలవడం ఆపలేదు.

"చాచా ఆ దసరాకు ముందరే నాకు సెప్పినాడప్పా. నాయన ఆడికి పోయింది నాకు తెలుసు. నువ్వు యెగతాళి చేసినావని కాదు నేను గిటారు వాపసు ఇచ్చింది. రెండో పాట నా తాన లేదు. గోడౌన్లో ఎన్ని దినాలు కూర్చున్నా ఇంకొకటి రాలేదు. నాకు ఉండింది ఒకటే, అది అయిపోయె."

మరి ఆ సంగతి పెదనాన్నతో ఎందుకు చెప్పలేదని అడిగాను. అన్న చేతిలోని కాయను చిదిపి పొట్టు ఊదేశాడు.

"నాయనే ఆపినాడని ఊరంతా అనుకుంటాండ్రి. నాకు అదే బాగుండె. పాట రాలేదనే దానికంటే నాయన పాడనీలేదు అంటే మర్యాద గదా. ఆయన పొయ్యేదాకా అట్లే అననిచ్చినాను. అడిగినప్పుడంతా తల దించుకుంటి. ఆయనేమో నాకు కోపం అనుకొనె."

ఇది నిజంగా జరిగిందో, ఈ వయసులో నా భారం తగ్గించడానికి నా అన్న అప్పటికప్పుడు అల్లాడో నాకు తెలియదు. తిరిగి అడగలేదు. ఆయన వలిచిన కాయలు గుప్పెడు నా చేతిలో పోశాడు, తిన్నాను, వచ్చేశాను.

మా మనవరాలి స్నేహితులు కాలేజీలో ఒక బృందం కట్టారు. పాట కట్టిన సాయంత్రమే ఫోనులోంచి ప్రపంచానికంతా పంపుతారు, పొద్దునకల్లా ఇంకొకటి మొదలుపెడతారు. గోడౌను అక్కరలేదు, మద్రాసు అక్కరలేదు, ఎవరికీ చూపించి రావాల్సిన పని లేదు. చూస్తుంటే ముచ్చటగానే ఉంటుంది, మాకు ఆ వసతి ఉంటే అని ఒక్కోసారి అసూయ కూడా కలుగుతుంది. అయితే వాళ్ళ దారికి అడ్డం పడే పెదనాన్న ఒక్కడూ లేడు. రేపు ఏ పిల్లవాడికైనా రెండో పాట రాకపోతే, పాపం, ఎవరి పేరు చెప్పుకుంటాడో.